పురుటి కథలు విన్న నడికట్టు

నేను ఒక నడికట్టును. పుట్టడం మాత్రం చీరగానే పుట్టాను, చీరాలలో ఒక మగ్గం మీద, నీలం అంచుతో. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తిరగాలని ఆశపడ్డాను. కొన్న మహాతల్లి నాలుగు రోజులు కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డాక నిలువునా చింపి, బాలింతల నడుముకు చుట్టడానికని పెట్టెలో పడేసింది. మొదట్లో అలిగాను. పోనుపోను తెలిసింది, ఆ ఇంట్లో నాకున్న గౌరవం పట్టుచీరకు కూడా లేదని.

బాపట్ల దగ్గరి ఆ ఇంటివాళ్ళకు ఒక ఆచారం ఉంది. నన్ను చుడుతున్నంతసేపూ బాలింత తన పురుటి కథ చెప్పాలి. పెద్ద ఆడవాళ్ళు చుట్టూ చేరి వింటారు. ఒకావిడ రెండు పూటలు నొప్పులు పడ్డానంటే పక్కావిడ తనవి మూడు పూటలంటుంది. ఏడాదికేడాది ఆ నొప్పులు పెరుగుతుంటాయే గానీ తగ్గవు. మంత్రసాని గడప దాటేలోపే కనేసిన మనిషి కూడా, ఇప్పుడు తెల్లవార్లూ కేకలు పెట్టానని చెబుతుంది. నాకు నోరు లేదు కాబట్టి వాళ్ళ పరువు నిలిచింది.

ఆ ఇంటి కోడలు హారిక ఆపరేషన్‌తో ఆడపిల్లను కన్నది. అత్తగారు శేషారత్నం నన్ను బయటికి తీయనే లేదు. నా పెట్టె బాలింత గదిలోనే ఉంటుంది, మూత సరిగా పడదు, కనుక అన్నీ వింటూనే ఉన్నాను.

"మత్తిచ్చి కోసి తీశారమ్మా. నొప్పా పాడా? ఈ కాలం పిల్లలదే సుఖం" అనేది, చూడవచ్చిన వాళ్ళతో.

ఆ సుఖపడిన పిల్ల మంచం మీద పక్కకు తిరగాలంటే పళ్ళు బిగించేది. తుమ్ము వచ్చేలా ఉంటే దేవుళ్ళందరికీ మొక్కుకునేది. ఆ కోత కన్నా అత్తగారి మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

పురుటి స్నానం అయిన రోజు, గదిలో అత్తాకోడళ్ళిద్దరే ఉన్నప్పుడు, హారిక అడిగింది.

"నాకు నడికట్టు కట్టరా అత్తయ్యా? వదులుగా కట్టుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది."

"కట్టేటప్పుడు కథ చెప్పాలి గదమ్మాయ్. నీకేముంది చెప్పటానికి?"

"ఉంది. నేనూ కన్నాను. ఒక్కసారి వినండి."

శేషారత్నం గొణుక్కుంటూనే నన్ను దులిపింది. కోడలి చీర కుచ్చిళ్ళు కాస్త దించేసరికి, ఆ కుట్లు మొదటిసారి ఆమె కంటపడ్డాయి. గొణుగుడు ఆగిపోయింది.

"పొద్దుటినించీ నొప్పులు పడుతూనే ఉన్నా అత్తయ్యా" అని మొదలుపెట్టింది హారిక. "మధ్యాహ్నానికి లోపల బిడ్డ గుండె నెమ్మదిస్తోందన్నారు. నన్ను కొయ్యండి, బిడ్డను బతికించండి అన్నా. నడుం కింద నాకేమీ తెలీట్లా. కళ్ళకడ్డంగా గుడ్డ కట్టారు. దాని ఏడుపు వినబడిందాకా నేను ఊపిరి తీసుకోలా."

నన్ను చుడుతున్న చేతులు నిలిచిపోయాయి.

శేషారత్నం రెండు పురుళ్ళప్పుడూ ఆమె నడుముకు చుట్టుకున్నది నేనే. ఊరంతా విన్నది రెండోసారి కథే. మొదటిసారి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. గదిలో పసిబిడ్డ లేడు. పక్కకు తిరిగి పడుకున్న ఆమె కన్నీళ్ళు నా అంచు మీదే పడ్డాయి.

"మా పెద్దోడు కూడా ఇట్టాగే లోపల నీరసించాడే" అంది శేషారత్నం. "ఆడదన్నాక నొప్పులు పడాలి, ఆస్పత్రెందుకన్నారు మావాళ్ళు. నేనూ పంతంకొద్దీ పడ్డా. కదలకుండా పుట్టాడు." కోడలి నుదుటి మీద చెయ్యి వేసింది. "నువ్వు కొయ్యమన్నావు గనక మన పిల్ల ఉంది. నన్నూ కోసుంటే, వాడికీపాటికి ముప్పయ్యేళ్ళు."

హారిక పంటి బిగువున కాస్త జరిగి, మంచం మీద అత్తగారికి చోటిచ్చింది.

"ఆ బాబుకి ఏం పేరు పెడదామనుకున్నారు అత్తయ్యా?"

నా కొస చేత్తో పట్టుకునే శేషారత్నం ఆ పేరు చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆ పేరు నేను వినడం అదే మొదలు.