గొర్రె తలకాయ ముందు గ్రామసభ

దిగువ వీధి సాయ్‌కల్ అవ్వ ముప్పై ఏళ్లుగా కాలువ నుంచి బకెట్లతో నీళ్లు మోస్తోంది. మోసీ మోసీ ఆమె చేతులు మోకాళ్లు దాటాయనీ, వంగకుండానే చెప్పులు తొడుక్కుంటుందనీ చెప్పుకునేవారు. అందులో కొంత అబద్ధం. దాటింది కుడి చెయ్యి ఒక్కటే.

ఊరికి ఒక కొళాయి మంజూరైంది. ఎక్కడ పెట్టాలో జనమే సభలో తేల్చాలి. ఊరిపెద్ద తుర్దుబెక్ ఆ సభ నోటీసును జూలైలో ఆఫీసు తలుపుకి అంటించాడు. జూలైలో ఊరు ఊరంతా గొర్రెల్నీ గుర్రాల్నీ తోలుకుని కొండమీది పచ్చిక మైదానంలో ఉంటుంది. కింద మిగిలేది ఆయనా, ఓ కుంటికుక్కా.

"సభ అయిపోయిందట, ఎవరూ అభ్యంతరం చెప్పలేదట. శుక్రవారం ఎగువ వీధిలో ఆయన బావమరిది గుమ్మం ముందు తవ్వుతారట" అని కబురు పైకొచ్చింది.

ఆడవాళ్లు తిట్టిపోశారు. అవ్వ మాత్రం తుర్దుబెక్‌కి కబురంపింది: తాగడానికి గుర్రపు పాలు చక్కగా పులిశాయి, గొర్రెను కోస్తున్నాం, తలకాయ నీకే.

అంతకు మించిన మర్యాద ఏముంది? ఆయన గుర్రం నేలమీద కాలు మోపకుండా వచ్చింది. తీరా చూస్తే అవ్వ డేరా నిండా రెండు వీధుల జనం. తలకాయ అందుకున్న అతిథి దాన్ని స్వయంగా కోసి అందరికీ పంచాలి. పంచకుండా లేస్తే ఏడు తరాలు నవ్వుతాయి.

మొదటి ముక్క అందుకుంటూ గొర్రెల కాపరి అడిగాడు. "అన్నా, సభ జూలైలో ఎందుకు పెట్టావు?"

"తిననివ్వు తమ్ముడూ."

"తింటూనే చెప్పు."

టీచరమ్మ చెయ్యి చాచింది. "దిగువ వీధిలో ఇళ్లెన్నండీ?"

"ఓ అరవై."

"మీ బావమరిదికో?"

"ఒకటి" అన్నాడు తుర్దుబెక్, నుదురు తుడుచుకుంటూ. "అయినా సభంటే రిజిస్టరుండాలి, గుమాస్తా ఉండాలి."

అవ్వ దిండు కింద నుంచి రిజిస్టరు తీసింది. మూలన ఎముక చీకుతున్న గుమాస్తా తలెత్తాడు. "రిజిస్టరు పట్టుకుని పొద్దున్నే వచ్చానండి. మాంసం బాగా ఉడికింది."

రెండు వీధులూ కలిసే చోట కొళాయి పెట్టాలని అందరూ చేతులెత్తారు. బావమరిదీ ఎత్తాడు. "నా గుమ్మంలో బురద నాకెందుకు బావా?"

పళ్లెంలో చెవి మిగిలింది. పెద్దల మాట వినాలని దాన్ని పిల్లలకి పెడతారు. తుర్దుబెక్ పిల్లల కోసం చూస్తుంటే, అవ్వ ఆ చెవిని ఆయన చేతిలోనే పెట్టింది.

"ఇది నువ్వే తిను నాయనా. నీకే అవసరం."

డేరా అంతా నవ్వులు. ఆయన దాన్ని నోట్లో వేసుకుని నమిలాడు. "ఉప్పు తక్కువైంది, కాస్త ఇస్తావా అవ్వా?"

"చూశావా, అప్పుడే అడగడం నేర్చావు. ఇక వినడం నేర్చుకో."

శుక్రవారం కూడలిలో తవ్వకం మొదలైంది. ఏడాది తిరిగేసరికి అవ్వ కుడిచెయ్యి మోకాలి పైకి వచ్చేసిందంటారు. కొలిచినవాళ్లయితే లేరు.