తెడ్డు లేస్తే ఎవరూ కదలకూడదు

“ముసలమ్మ వచ్చింది,” అని వాకీటాకీలో గొంతు తగ్గించి చెప్పింది ఇరానిల్డా. సరస్సుకి అవతల మోటారు పడవలో ఉన్న మరిది వల్దెనోర్ చెవిలో ఆ ముసలమ్మకి కొమ్ము ఊడి మొసలమ్మ అయి కూర్చుంది.

“వదినా, కదలకు. వస్తన్నా,” అంటూ మోటారు లాగాడు.

ఇరానిల్డా దోనె పక్కన తేలుతున్నది ఎద్దుచేప. పేరుకి చేప, తీరుకి ఎద్దు, నిజానికి రెండూ కాదు. నీటిగడ్డి మేస్తూ పిల్లకి పాలిచ్చే తల్లి. నీళ్ల మీద పేరెత్తితే విని మునిగిపోతుందని వేటకాళ్ల పట్టింపు. అందుకే ముసలమ్మ.

వరద తీసేలోగా దాని గొంతూ గుర్తూ రెండూ పట్టి చూపిస్తేనే ఈ సరస్సులోకి పెద్దవలల పడవలు రాకుండా సర్కారువాళ్లు ఆపుతారు. ఆ పరిశోధనకొచ్చిన డాక్టరమ్మ ఎలొయీజ రేపు వెళ్లిపోతుంది. నీటిలో దించిన మైకుకి ఇంతవరకూ చిక్కింది వల్దెనోర్ మోటారు పాటే.

ఇప్పుడూ అదే వస్తోంది, ఆ మోతలో వాకీటాకీ మాట అతనికి వినపడదు. అరిచినా ముసలమ్మ పోతుంది, ఊరుకున్నా పోతుంది.

ఇరానిల్డా తెడ్డు తీసి నిటారుగా పైకెత్తింది. అది వాళ్ల నాన్న సైగ: బల్లెం విసరబోతున్నాను, ఎవరూ కదలొద్దని. ఆ వేటల్లో వెనక కూర్చుని తెడ్డు వేసినవాడు వల్దెనోర్. బుర్రని అడక్కుండానే అతని చెయ్యి మోటారు కట్టేసింది.

నీళ్లు సద్దుమణిగాయి. హెడ్‌ఫోన్లలో సన్నగా ఓ పిలుపు, తడి గాజు మీద వేలు రాసినట్టు. పిల్లది. దానికి తల్లి జవాబు. మళ్లీ పిల్ల. ఇరానిల్డా చిన్నప్పటి నుంచీ దాని మాంసం రుచి ఎరుగును, గొంతు ఎరగదు. ఊపిరి పీల్చడం కూడా మొరటనిపించింది ఆమెకి.

తల్లి నెమ్మదిగా వెల్లకిలా తిరిగింది. నల్లటి పొట్ట మీద చిరిగిన ఆకులాంటి తెల్లమచ్చ. మనకి మచ్చ పడితే పేరు పోతుంది. దానికి మచ్చే పేరు. ఒక చేత్తో కెమెరా నొక్కింది. రెండో చేతిలోని తెడ్డు దించలేదు.

సాయంత్రం గట్టు మీద, కాల్చిన చేపలూ కర్రపెండలం రవ్వా ముందు పెట్టుకుని ఊరంతా ఆ పిలుపు విన్నారు. మళ్లీ వేయమన్నారు.

“నన్ను కాపాడ్డానికే వచ్చావా మరిదీ?”

“మొసల్ని కాపాడదామని వదినా. నీ నోట్లో పడితే దాని గతేంటి?”

“నేనన్నది ముసలమ్మ, వీడు విన్నది మొసలమ్మ,” అని ఇరానిల్డా అందరికీ చెప్పింది. “గట్టు మీదున్నాం గనక అసలు పేరు చెప్తున్నా. ఎద్దుచేప.”

“మరి ఆ తెడ్డెందుకు ఎత్తావు?” అంది డాక్టరమ్మ.

ఇరానిల్డా పక్కనున్న తెడ్డు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“తెడ్డు లేచాక బల్లెం పడకపోవడం మా ఇంట ఇదే మొదలమ్మా.”