సున్నపు తేట

చిట్యాలకు ఆరు మైళ్ల దూరంలోని ఆ హైస్కూలుకు జాహేదా సైన్సు టీచరుగా వచ్చింది 1986లో. అక్కడ ప్రయోగశాల అంటే తాళం పోయిన ఒక బీరువా, అందులో మూతి పగిలిన రెండు గాజు గొట్టాలు. వారం రోజులు బోర్డు మీద సమీకరణాలు రాసి చూసింది. పిల్లల కళ్లు కిటికీ అవతలి కబడ్డీ గీతల మీదే ఉన్నాయి. ఇక పాఠాన్నే అక్కడికి తీసుకుపోయింది.

సున్నం తెప్పించి కుండలో కలిపి, మర్నాడు పైన తేరిన తేటను గ్లాసుల్లో పోసింది. బొప్పాయి కాడతో అందులోకి ఊదమంది. ఎంతసేపట్లో నీళ్లు పాలలా మారాయో వాచీ చూసి చెప్పింది. తర్వాత గ్రౌండు చుట్టూ మూడు చుట్లు ఉరికొచ్చి మళ్లీ ఊదమంది. ఈసారి చాలా తొందరగా తెల్లబడ్డాయి.

"ఉరికితే లోపట పొయ్యి ఎక్కువ మండుతాంది టీచర్. గందుకే పొగ ఎక్కువొస్తాంది," అంది గోపమ్మ.

ఎనిమిదో తరగతి చదివే గోపమ్మ తాపీపని చేసే సుతారి ఐలేశం బిడ్డ. ఉరుకుడులో మగపిల్లలకు కూడా అందేది కాదు. బొగ్గుపులుసు గాలి గురించి అంతకంటే బాగా చెప్పడం జాహేదాకు కూడా చేతకాదు.

నెలనెలా ఎవరు ఎంతసేపట్లో ఉరికారో పిల్లలే కాపీలో రాసేవారు. మరుసటి ఏడు గోపమ్మ పేరు మధ్యకు జారింది, ఆపైన చివరికి చేరింది. మోకాళ్లు ఒకదానికొకటి తగులుకునేవి. కాపీ తిరగేసి ఆ పిల్లే చెప్పింది.

"నేనొక్కదాన్నే గాదు టీచర్. మా గల్లీ పిల్లలందరం ఎనుకవడ్డం."

ఆ గల్లీవాళ్లు ఎనిమిదేళ్లుగా ఒకే బోరు నీళ్లు తాగుతున్నారు. జాహేదాకు ఆ నీళ్ల మీదే అనుమానం వచ్చి, సీసా నింపి నల్లగొండకు పరీక్షకు పంపింది. రెండు నెలలకు కాగితం వచ్చింది. ఎముకల్లో పేరుకునే ఫ్లోరైడు ఉండాల్సినదానికి అయిదింతలు ఉంది. వేరే నీళ్లు చూసుకోమని కింద ఒక ముక్క రాశారు.

"బోరు బంద్ వెడితే ఏం తాగాలె టీచర్?" అన్నాడు ఐలేశం. "పాత బాయి ఎండిపాయె. ఊరవతలి బాయికి పోతే కూలి పోతది."

అప్పుడు పిల్లలు డ్రమ్ము తెచ్చారు. ఫ్లోరైడు తగ్గడానికి జాహేదా చెప్పినట్టు పటిక, సున్నం వేసి, వంతులవారీగా కర్రతో కలిపి, అడుగున దిగిన మడ్డి వదిలేసి పైనీళ్లు ఇంటింటికీ మోశారు. ఎవరు ఎక్కువసేపు కలుపుతారని పందేలు వేసుకున్నారు. సర్పంచు మూడు నెలలు పటిక ఇప్పించాడు. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి, పటిక ఆగింది. జాహేదా తన జీతంతో కొంత కొన్నది. ఎండాకాలం సెలవులకు బడి మూసేసరికి కలిపేవాళ్లు లేకపోయారు.

జూన్‌లో గోపమ్మ బడికి రాలేదు. జాహేదా వాళ్లింటికి పోయింది. గోపమ్మ గోడకానుకుని కాళ్లు చాపుకుని ఉంది. మడవడానికి రావు.

"టీచర్, బొక్కలల్లకు ఎక్కింది మల్ల దిగుతదా? నిజం చెప్పున్రి."

జాహేదా ఆ మోకాళ్ల వైపు చూసింది. అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఈ పిల్ల ముందు ఏ జవాబైనా రుజువు చేయాల్సిందే, ఆ అలవాటు నేర్పింది తనే.

"నాకు తెలిసినంతల దిగదు బిడ్డా."

గోపమ్మ తలూపింది. ఏడవలేదు. "ఇంక ఎక్కకుంటనన్న ఉంటదా?" అని అడిగింది.

"నీళ్లు మారితే."

తల్లి జంగమ్మ లోపలినుంచి చెంబు తెచ్చింది. "ఎండల వడి వచ్చిన్రు. తాగున్రి టీచర్." చెంబు చాపి, "ఇంట్ల గివే ఉన్నయి," అంది తల దించుకుని.

జాహేదా చెంబు అందుకుని తాగింది. నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి. రుచిలో ఏ తేడా లేదు.