అరంగుళం తేడా

నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడకూడదన్నది కుట్టుపని నేర్పుతూ అమ్మ చెప్పిన మొదటి పాఠం. మింగేస్తావే, అనేది. అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్ ఊళ్లో లొరేన్ గారి టైలరింగ్ షాపులో పరాయి మగవాళ్ల ప్యాంట్ల అంచులు మడిచి సూదులు గుచ్చుతూ వసుమతి ఆ పాఠాన్ని పొల్లుపోకుండా పాటిస్తోంది. ఇంట్లో నోట్లో సూదులు లేకపోయినా పాటిస్తోంది, అది వేరే సంగతి.

ఈ పనికి మోకాళ్ల మీద కూర్చోవాలి. నిలబడిన మనిషి నడుము సరిగ్గా ఆమె కళ్లకి ఎదురుగా వస్తుంది. 1984లో అక్కడి పత్తి రైతుల నడుముకి తోలు ఒరలో తుపాకీ ఉండటం మనవాళ్ల జేబులో దువ్వెన ఉన్నంత మామూలు. ఆమె చేరిన రెండో రోజే ఒక ముసలాయన దాన్ని ఒరలోంచి తీసి, "కాస్త పట్టుకుంటారా మేడమ్" అని అందించాడు. పెద్దవాళ్లు ఇచ్చింది కాదనకూడదు కదా, వసుమతి రెండు చేతులూ కలిపి దోసిలి పట్టింది. అవతల ఇస్త్రీ చేస్తున్న లొరేన్ గారికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "మనం ముట్టుకోకూడదు. షాపు లోపల దాన్ని ఒరలోంచి తియ్యనివ్వకూడదు. ఒరలో ఉన్నది ఒరలోనే, ఆయన నడుము మీదే ఉండి ట్రక్కు దాకా వెళ్లాలి. నువ్వు తుపాకీ వైపు చూడకు, మొహం చూసి మాట్లాడు. భయపడుతూ అడగొద్దు, కోపంగా అసలే వద్దు. ఏదో ఒక కారణం చెప్పు."

ఆ కారణాన్ని వసుమతే కనిపెట్టింది. తుపాకీ బరువుకి ప్యాంటు ఒక పక్క అరంగుళం కిందికి దిగుతుంది. అలాగే కొలిచి కుడితే, అది లేని రోజున ఆ కాలు పొట్టిగా కనిపిస్తుంది. అందుకని ఒక వాక్యం తయారు చేసుకుంది. "సర్, దాని బరువుతో కొలత సరిగ్గా రాదు. బయట ట్రక్కులో పెట్టి రండి, మీ వంతు నేను ఉంచుతాను."

వెళ్లేవారు. ఒకాయన మాత్రం, "నేను దీన్ని ఎప్పుడూ తియ్యను, దీనితోనే కొలవండి" అన్నాడు. "అయితే మీకు సరిపోయే పాత ప్యాంటు ఒకటి తెచ్చివ్వండి, దాన్ని చూసి కుడతాను" అంది. ఆయన నవ్వి, మర్నాడు తెచ్చిచ్చాడు.

ఇది ఆమెకి తెగ వింతగా ఉండేది. అంతంత మనుషులు టోపీ తీసి "యెస్ మేడమ్" అని బయటికి నడుస్తున్నారే, ఎందుకు? కారణం చెప్పినందుకా? మర్యాదగా అడిగినందుకా? లేక తను వాళ్ల భార్య కానందుకా? ఈ మూడోది తట్టినప్పుడు కుట్టుమిషను ముందు ఒక్కతే నవ్వుకుంది. నవ్వాక ఏడుపొచ్చింది.

భర్త రాధాకృష్ణ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. అతని దగ్గర ఆయుధమేమీ లేదు, గొంతు ఉంది. గరాజ్ తలుపు లేచిన చప్పుడు వినగానే ఆమె టీవీ తగ్గిస్తుంది, నేల మీద కూతురు మీనా పడేసిన రంగు పెన్సిళ్లు గబగబా ఏరుతుంది, పొద్దున్నించి మూడోసారి వంటగట్టు తుడుస్తుంది. ఎనిమిదేళ్ల మీనా కూడా ఈ మధ్య ఆ చప్పుడుకి పాట ఆపేస్తోంది. "రోజంతా ఏం చేశావ్?" అన్నది అతను ఇంట్లోకి రాగానే అనే మొదటి మాట. అత్తగారు ఉత్తరాల్లో "వాడి గొంతే అంత, మనసు వెన్న" అని రాసేది. ఆ వెన్న ఏ ఫ్రిజ్‌లో పెట్టారో వసుమతి పదేళ్లుగా వెతుకుతోంది.

ఆదివారం తెలిసినవాళ్లు కృష్ణమూర్తి గారింట్లో భోజనాల దగ్గర ఎవరో షాపుల్లో తుపాకుల మాట ఎత్తారు. అంతే, తిరిగొచ్చేటప్పుడు కారులో రాధాకృష్ణ మొదలుపెట్టాడు. "గన్స్ పెట్టుకొచ్చేవాళ్ల కాళ్ల దగ్గర కూర్చుంటున్నావా? నా పరువేం కావాలి? రేపు లంచ్ టైమ్‌లో నేనే వచ్చి ఆవిడకి చెప్పేస్తా, నువ్వు మానేస్తున్నావని." ఇందులో తనకేమవుతుందోనని అతని భయమెంత, పరువెంత అని వసుమతి లెక్క తేల్చుకోవాలని చూసింది. రోజూ అతని షూ లేసులు విప్పేది కూడా ఈ మోకాళ్ల మీద కూర్చునే. కానీ ఆ షాపు పోతే, తనని మేడమ్ అనేవాళ్లూ, తన మాట వినేవాళ్లూ ఇంకెక్కడా లేరు. దాన్ని వదులుకోవడం ఆమెకి ఇష్టం లేదు.

సోమవారం అన్నట్టే వచ్చాడు. అప్పుడే వెబ్ గారనే రైతుకి వసుమతి తన వాక్యం చెబుతోంది. రాధాకృష్ణ గుమ్మం పక్కన నిలబడి చూశాడు. వెబ్ గారు అతన్ని దాటుకుని ట్రక్కు దాకా వెళ్లి, ఖాళీ నడుముతో తిరిగొచ్చి, బుద్ధిగా ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని మొదటి సూది గుచ్చింది.

"చాల్లే, లే అక్కణ్ణించి. నిన్నే. సిగ్గు లేదూ? లొరేన్ ఎక్కడ?"

తెలుగు ఒక్క ముక్క రాని వెబ్ గారు కూడా ఆ గొంతుకి ఒక అడుగు వెనక్కి వేశాడు. వసుమతి నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది. లేచి నిలబడింది. మొహం చూసి మాట్లాడాలి, భయం వద్దు, కోపం అసలే వద్దు.

"ఏవండీ, దాన్ని బయట కారులో పెట్టి రండి. మీ వంతు నేను ఉంచుతాను."

రాధాకృష్ణ తన చేతులకేసి చూసుకున్నాడు. కారు తాళాలు తప్ప ఏమీ లేవు. "దేన్ని?" అన్నాడు.

"మీ గొంతుని. దాని బరువుతో పదేళ్లుగా నాకు ఏ కొలతా సరిగ్గా రావడం లేదు."