పిడికిలి అంటే సున్నా

2018 ఫిబ్రవరి 24, శనివారం, మధ్యాహ్నం 3:41. బాస్కెట్‌బాల్ ఆట ముగియడానికి పదకొండు సెకన్లున్నాయి. ఓటర్ ఫోర్క్ కాలేజీ 71-70తో ముందుంది. బంతి బయటికి పోయింది, లోపలికి వేసే వంతు వాళ్ళదే. అప్పుడు వాళ్ళ కోచ్ వెండెల్ క్రౌచ్ ఒక అరచేతి కింద రెండో చేతి వేళ్ళు ఆనించి, రిఫరీని టైమవుట్ అడిగాడు. ఆటను కాసేపు ఆపించుకునే ఆ అవకాశం జట్టుకు ఐదుసార్లే. ఆయన దగ్గర టైమవుట్లు లేవు.

లేని టైమవుట్ అడిగితే ఎదుటి జట్టుకు ఎవరూ అడ్డురాకుండా వేసే రెండు ఫ్రీ త్రోలు ఇస్తారు, బంతి కూడా వాళ్ళకే ఇస్తారు. రెండు త్రోలూ పడ్డాయి. బంతి తిరిగి లాక్కోబోయి ఫౌలు చేస్తే ఇంకో రెండు పడ్డాయి. 71-74.

అసిస్టెంట్ కోచ్ డారెల్ పిట్‌మన్ బెంచి పక్కన నిలబడి ఉన్నాడు. ఐదో టైమవుట్ అయిపోయినప్పుడు, అంటే ఆటలో రెండు నిమిషాల ముందు, అతను వెండెల్ ముఖం ముందు పిడికిలి బిగించి చూపించాడు. వాళ్ళిద్దరి మధ్య పిడికిలి అంటే సున్నా. నోటితో కూడా చెప్పాడు.

"అయిపోయాయి కోచ్. ఒక్కటీ లేదు."

"కనపడిందిలేరా. నేనేమన్నా గుడ్డివాణ్ణా?" అన్నాడు వెండెల్.

వెండెల్ ఇదే కాలేజీకి 1969 నుంచి 1973 దాకా ఆడాడు. పొట్టివాడు. బుట్టలో వేసినదానికంటే వేసేవాళ్ళకు అందించినదే ఎక్కువ. కాలేజీ రికార్డుల్లో అందించినవాళ్ళ జాబితాలో ఇప్పటికీ నాలుగో పేరు ఆయనదే. చివరి ఏడాది మోకాలు పోయింది. ఆ వేసవిలోనే ఒక హైస్కూల్లో కోచ్‌గా చేరాడు. మొదటి సీజన్లో ఒకసారి టైమవుట్ల లెక్క తప్పి ఆట పోగొట్టాడు. అప్పటినుంచి ప్రతి ఆటకీ కోటు కుడి జేబులో ఐదు పిప్పరమెంటు బిళ్ళలు వేసుకునేవాడు. ఒక టైమవుట్ తీసుకుంటే ఒక బిళ్ళ ఎడమ జేబులోకి మారేది. కుడి జేబు ఖాళీ అయితే నోరు మూసుకోవాలి. 1987లో కాలేజీకి తిరిగొచ్చాక కూడా అదే పద్ధతి. ముప్పై ఒక్క సీజన్లలో ఆ పద్ధతి తప్పలేదు.

డారెల్ ఆయన దగ్గర నాలుగేళ్ళు ఆడాడు, పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. కిందటి డిసెంబరులో వెండెల్ భార్య లొరేన్ అతన్ని వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోసింది.

"మొన్న కిరాణా కొట్టు నుంచి ఫోన్ చేశాడు. ఇంటికి ఏ దారిన రావాలని అడిగాడు. నలభై ఏళ్ళుగా ఉంటున్న ఇల్లు, డారెల్."

"డాక్టరుకు చూపించారా అమ్మా?"

"మార్చి పన్నెండుకి తేదీ ఇచ్చారు. సీజన్ అయిపోయేదాకా వెళ్ళనంటాడు. ఇదే ఆఖరి సీజను, మధ్యలో కుర్చీ లాగేసుకోనివ్వకండి అంటాడు. మార్చి దాకా కాస్త కనిపెట్టుకుని ఉండు నాయనా."

సరేనన్నాడు. ఆ వారమే పిడికిలి, వేళ్ళు మొదలయ్యాయి. ఎన్ని మిగిలితే అన్ని వేళ్ళు. వెండెల్ మొదట విసుక్కున్నాడు, తర్వాత ఊరుకున్నాడు. ఈ సంగతి కాలేజీలో మూడో మనిషికి తెలియదు.

శనివారం ఆట అయ్యాక డ్రెస్సింగ్ రూము బయట వరండాలో స్థానిక పత్రిక విలేకరి నిలబడి ఉన్నాడు. పక్కనే కాలేజీ క్రీడల డైరెక్టరు జానెట్ రూడ్ చేతులు కట్టుకుని ఉంది.

"కోచ్, టైమవుట్లు ఎన్నున్నాయో ఎవరు చూస్తారు?" అని అడిగాడు విలేకరి.

వెండెల్ కుడి జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి తీశాడు. అరచేతిలో ఒక బిళ్ళ ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నాలుగోసారో ఐదోసారో దాన్ని మార్చడం మరిచిపోయినట్టున్నాడు.

జానెట్ వెండెల్ వైపు చూసింది. డారెల్ ముందుకొచ్చాడు.

"నేను చూస్తాను. ఒకటి ఉందని నేనే చెప్పాను. తప్పు నాది."

"మీరా?" అన్నాడు విలేకరి.

"రాసుకోండి. పిట్‌మన్. పి, ఐ, రెండు టీలు."

ఆదివారం పత్రికలో అదే వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి డారెల్ ఫోన్ మోగింది.

"పేపరు చదివావా?" అన్నాడు వెండెల్.

"చదివాను కోచ్."

"ముప్పై ఒక్క ఏళ్ళలో నాకు తప్పు లెక్క చెప్పిన అసిస్టెంటు లేడు. ఐదు దాకా లెక్కపెట్టడం రాదా నీకు? గెలిచి ఉంటే తర్వాతి నాకౌట్ ఆట సొంత హాల్లో ఆడేవాళ్ళు, ఆ పిల్లలకు ఆ అవకాశం పోయింది. మంగళవారం రెండు గంటలు బస్సులో పోవాలి, అదీ మొదటి ర్యాంకు వాళ్ళ మీద."

డారెల్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"రేపు ప్రాక్టీసుకు రాకు. మంగళవారం బస్సెక్కకు. ఇంట్లో కూర్చుని లెక్కలు నేర్చుకో."

"అలాగే కోచ్."

ఫోన్ పెట్టేశాక డారెల్ భార్య అడిగింది. "నిజం చెప్పొచ్చుగా?"

"ఎవరికి?"



ఆదివారం మధ్యాహ్నం వెండెల్ ఆట వీడియో చూస్తాడు. గెలిచినా ఓడినా, ముందు గదిలో, కాగితం పెన్సిలు పెట్టుకుని. ఆ సంగతి డారెల్‌కు ఫోన్ పెట్టేసిన పావుగంటకి గుర్తొచ్చింది. కెమెరా ఓటర్ ఫోర్క్ బెంచికి ఎదురుగా ఉంటుంది. లొరేన్‌కు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఈ ఒక్కసారికి వీడియో చూడనివ్వకండి."

"పెట్టేశాడు నాయనా. తొందరగా కూర్చున్నాడివాళ."

తర్వాత జరిగింది లొరేన్ చెప్పింది. మొదటి సగం మామూలుగానే చూశాడు. రెండో సగం చివర ఒక చోట ఆపాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ ఆపాడు. అలా తొమ్మిదిసార్లు. తెర మీద డారెల్ పిడికిలి బిగించి చూపిస్తున్నాడు. వెండెల్ తల ఊపుతున్నాడు.

"ఇదెప్పుడు జరిగింది?" అని భార్యను అడిగాడు.

"నిన్న."

"నాకు చూపించాడే."

"చూపించాడు."

"మరి వెధవ అబద్ధం ఎందుకాడాడు?"

లొరేన్ ఆయన చేతిలోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది.

సోమవారం పదింటికి వెండెల్ ల్యాప్‌టాప్ పట్టుకుని జానెట్ గదికి వెళ్ళాడు. ఆ ముక్క ఆమెకు చూపించాడు. డారెల్ తప్పేమీ లేదన్నాడు. డారెల్‌కే జట్టు ఇవ్వమన్నాడు. కాగితం మీద మూడు వాక్యాల రాజీనామా రాసి సంతకం పెట్టాడు. తేదీ వెయ్యడానికి ఆగి, ఇవాళ ఎంత అని అడిగాడు. ఆమె చెప్పింది. పదకొండున్నరకి జానెట్ డారెల్‌ను పిలిచి ఆ కాగితం చూపించింది. పన్నెండింటికి, కోచ్ తప్పుకున్నారని డారెల్ ఆటగాళ్ళకు చెప్పాడు.

మూడింటికి ప్రాక్టీసు. మూడుకు రెండు నిమిషాల ముందు హాలు పక్క తలుపు తెరుచుకుంది. వెండెల్ వచ్చాడు. మెడలో విజిల్ ఉంది. చేతిలో ప్రాక్టీసు కాగితం ఉంది. వెనకాలే లొరేన్ వచ్చింది, కోటు బొత్తాలు పెట్టుకోకుండానే. ఆమె డారెల్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

పన్నెండుమంది ఆటగాళ్ళూ డారెల్ వైపే చూశారు.

"ఏంట్రా అలా నిలబడ్డారు, ఫోటో తీస్తున్నారా?" అన్నాడు వెండెల్. "గీత మీదికి రండి. ఆ పొడుగోడా, నిద్రపోయే మొహం నీది, నువ్వే ముందు."

డారెల్ తన మెడలోని విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు.

"విన్నారుగా. గీత మీదికి," అన్నాడు.

వెండెల్ ప్రాక్టీసు నడిపించాడు. ఎదుటి జట్టు మూలకు నెట్టినప్పుడు బంతి ఎలా బయటికి తియ్యాలో ఆరుసార్లు చేయించాడు. మూడుసార్లు తనే మధ్యలో నిలబడి అందించాడు. ఒక్కటీ పక్కకు పోలేదు. ఆటగాళ్ళు చెప్పినట్టు చేశారు. లొరేన్ మొదటి వరసలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అయ్యాక వెండెల్ డారెల్‌ను పక్కకు పిలిచాడు.

"పేపర్లో పడ్డది చదివాను. పోనీలే. ఎవరికైనా జరుగుతుంది. రేపు మాత్రం లెక్క సరిగ్గా చూడు."

"చూస్తాను కోచ్."

"మిగిలినన్ని వేళ్ళు. ఏమీ లేకపోతే?"

డారెల్ పిడికిలి చూపించాడు.

వెండెల్ తల ఊపాడు. లొరేన్ ఆయన చెయ్యి పట్టుకుని కారు దాకా తీసుకెళ్ళింది. ప్రాక్టీసు ముగిసిన సమయం 4:50 అని హాలు రిజిస్టర్లో ఉంది.

మంగళవారం ఒంటిగంటకు బస్సు బయలుదేరింది. లొరేన్ ఒక్కతే గేటు దగ్గరికి వచ్చి డారెల్ చేతిలో చిన్న పొట్లం పెట్టి వెళ్ళిపోయింది. అందులో ఐదు బిళ్ళలున్నాయి. ఆ సాయంత్రం ఓటర్ ఫోర్క్ 58-66తో ఓడింది. డారెల్ మూడు టైమవుట్లు తీసుకున్నాడు. అతని కుడి జేబులో రెండు బిళ్ళలు మిగిలాయి.