దువ్విన ఇసుక

బిరుతా వెనక్కి నడుస్తోంది. ఇసుక దువ్వే పళ్లకర్రను ముందుకు చాచడం, తనవైపు లాక్కోవడం, ఒక అడుగు వెనక్కి వేయడం. చివరికి పొట్టి కంచె మొక్కల సందులోంచి దారిమీదికి దిగింది. సమాధి చుట్టూ ఇసుక మీద ఒక్క పాదం గుర్తు లేదు. సన్నటి గీతలు అటూ ఇటూ వాలి దేవదారు రెమ్మలా పరుచుకున్నాయి. ఒక మూల గీత కాస్త వంకర పోయింది. వదిలేసి రెండడుగులు వేసింది, ఊరుకోలేక వెనక్కి వచ్చి, దారిమీంచే వంగి సరిచేసింది.

రేపే శ్మశానం పండుగ. పాస్టరు వస్తాడు, బాకాల మేళం వస్తుంది, రాజధాని రిగా నుంచి కార్లు వస్తాయి. ఎవరి సమాధి ముందు ఇసుక చెదిరి ఉందో, ఎవరి రాయికి నాచు పట్టిందో ఊరంతా చూస్తుంది, మళ్లీ పండుగ దాకా చెప్పుకుంటుంది. అందుకే ఐర్లాండుకూ ఇంగ్లండుకూ పోయినవాళ్లు బిరుతాకు తమవాళ్లను అప్పగించి పోయారు. "మా అమ్మను కాస్త చూస్తూ ఉండు" అంటారు, ఆవిడ ఇంకా మంచం మీద ఉన్నట్టే.

జేబులో ఫోను మోగింది. డబ్లిన్ నుంచి ఇంగునా. బళ్లో చదివే రోజుల్లో బిరుతా చేతి జావ వద్దని ఏడ్చే పిల్ల.

"పిన్నీ, నాన్న దగ్గర బెగోనియా పూలు పెట్టావా? ఎర్రవి కాదుగా? ఎర్రవి నాన్నకు పడవు."

"పడవని ఆయన నాతో అనలేదే. గులాబీరంగువే పెట్టాలే."

"ఫోటో తియ్యి పిన్నీ. మొహం కనబడేట్టు."

"ఎవరి మొహమే?"

"రాయి మొహం!"

ఫోటో తీసి పంపింది. మొదటిది మసకబారింది, ఇంకోటి తీసి పంపింది. తాను కూడా సాయంత్రం బస్సుకు వెళ్లిపోతున్నానని ఇంగునాకు చెప్పలేదు. ఈ సమాధులన్నిటినీ శ్మశానం కాపలాదారు ఫ్రిసిస్ కోడలికి అప్పగించింది. ఆ అమ్మాయి ఒప్పుకుంది కూడా. ఒక్క సమాధే మిగిలింది, తన మొగుడు ఎల్మార్స్‌ది. దూరాన ఉన్న పిల్లలు పరాయివాళ్ల చేత చేయించుకుంటే ఎవరూ తప్పుపట్టరు. మొగుడు పోయి ఆర్నెల్లు కాకముందే పెళ్లాం కూలికిచ్చి దువ్వించిందంటే మాత్రం ఈ ఊళ్లో నోళ్లు మూతపడవు. రక్తసంబంధం ఉన్నవాళ్లే చూడాలి. అలాంటి మనిషి ఒక్కతే ఉంది. ఆమెతో బిరుతా మాట్లాడి ఏడాది దాటింది.

నీళ్లకోసం పంపు దగ్గరికి వెళ్లింది. ఫ్రిసిస్ బల్లమీద కూర్చుని రొట్టె మీద ఉప్పుచేప పెట్టుకుని తింటున్నాడు.

"ఏమ్మా, అయిపోయిందా? ఊరంతా విమానమెక్కింది. ఇక్కడున్నవాళ్లకే టికెట్లు దొరకలేదు పాపం."

"నీకూ దొరకలేదుగా తాతా."

"నాది బుక్కయ్యే ఉంది. తేదీయే చెప్పరు." నవ్వి, చేతులు తుడుచుకుని పంపు కొట్టసాగాడు. "మరి మీ ఆయన సంగతి?"

"చూద్దాం."

"ఇంకేం చూస్తావ్, సాయంత్రం బస్సు పెట్టుకుని? మిల్డాని అడుగు."

"ఆ చెయ్యెత్తిన మనిషినా!"

డబ్బా నిండి నీళ్లు పొర్లాయి. ఫ్రిసిస్ పంపు వదిలేశాడు.

మిల్డా ఎల్మార్స్ అక్క. ఊరి కౌన్సిల్లో సభ్యురాలు. ఎక్కడో అమెరికాలో బ్యాంకులు కూలాయన్నారు. ఆ తర్వాత రిగాలో ఒక పెద్ద బ్యాంకు మునిగింది. దాన్ని లేపడానికి ప్రభుత్వం బయట అప్పు తెచ్చింది, అప్పిచ్చినవాళ్లు ఖర్చులు కోయమన్నారు. ఆ కోత ఆసుపత్రి మీద పడి, జీతాల మీద పడి, చివరికి ఈ ఊరి బడి మీద పడింది. బడి మూసేద్దామన్నవాళ్లు చెయ్యెత్తండి అంటే ఎత్తినవాళ్లలో మిల్డా ఒకతె. బిరుతా ఆ బడి వంటమనిషి, ఎల్మార్స్ బడి గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్ మనిషి. ఒకే వేసవిలో ఇద్దరూ ఇంట్లో కూర్చున్నారు. ఆమెకు పని పోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే, నెలకు వంద లాట్ల కూలిపని దొరికింది, రోడ్ల పక్కన ఆకులు ఊడ్చింది, మంచు తోసింది. ఎల్మార్స్ మాత్రం రోజూ తెల్లవారకముందే అలవాటు కొద్దీ లేచి, ఎక్కడికీ వెళ్లలేక వంటింట్లో అటూ ఇటూ తిరిగేవాడు. ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆ అడుగుల చప్పుడు ఆగిపోయింది. ఖననం రోజున గోతికి ఒక పక్క బిరుతా, ఇంకో పక్క మిల్డా నిలబడ్డారు.

వంద లాట్ల పని వసంతంతో అయిపోయింది. ఐర్లాండులో పుట్టగొడుగుల షెడ్డులో కోతపని ఉందని కబురొచ్చింది.

డబ్బా పట్టుకుని గబగబా నడిచింది. నీళ్లు తొణికి పావడా అంచు తడిసింది. ఎల్మార్స్ సమాధిని ఆఖరుకు అట్టిపెట్టుకుంది, తొందర లేకుండా, తన రెమ్మ గీతలతో దువ్వి వెళదామని. మలుపు తిరిగి ఆగిపోయింది.

దువ్వేసి ఉంది. చెక్క శిలువ ముందు ఇసుక మీద నిలువు గీతలు, బారుగా, రూళ్లకర్ర పెట్టి గీసినట్టు. బంతిపూలకు నీళ్లు పోసి ఉన్నాయి. ఇసుక చెరపకుండా లోపల కాలు పెట్టే చోటే లేదు.

పక్క బల్లమీద మిల్డా కూర్చుని ఉంది, పళ్లకర్ర మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని.

"ఇది నేను చేసుకుందామనుకున్నా వదినా." ఏడాది తర్వాత మొదటిమాట ఇలా వచ్చింది.

"తెలుసు. అందుకే పొద్దున్నే వచ్చా."

"ఇదొక్కటీ మిగిలితే ఇదీ లాక్కున్నారా?"

"అరవకు, పక్కన వాళ్లూ వీళ్లూ ఉన్నారు. రేపు ఊరంతా వస్తుంది. ఇక్కడ నీ గీతలుంటే ఏమంటారు? అది బస్సెక్కి పోయిందిగా, వచ్చే నెలకు గడ్డి మొలుస్తుందంటారు. నావి ఉంటే, మిల్డా ఉందిలే అనుకుంటారు."

బిరుతా డబ్బా కింద పెట్టింది. మళ్లీ ఎత్తింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మీరు చెయ్యెత్తారు."

"ఎత్తా. ముసలివాళ్ల ఆశ్రమానికి కట్టెలు కొనాలా, బడికి కొనాలా అన్నారు. మళ్లీ అడిగితే మళ్లీ అదే ఎత్తుతా. ఆ చలికాలం అక్కడ ఎవరూ గడ్డకట్టి పోలేదు."

"ఎల్మార్స్ పోయాడు."

మిల్డా మొహం గట్టిగా ఉంటుంది ఎప్పుడూ. ఇప్పుడూ అలాగే ఉంది, దవడ మాత్రం కదిలింది.

"వాణ్ని ఎత్తుకు తిప్పింది నేను. నువ్వు చెబితే తెలియాలా నాకు?"

చర్చి వైపు ఎవరో రేపటి కోసం బల్లలు సర్దుతున్న చప్పుడు. బిరుతాకు బస్సు గుర్తొచ్చింది, సర్దని సంచీ గుర్తొచ్చింది. ఇప్పుడు అడగకపోతే ఇంక అడగడం ఉండదు.

"చూస్తారా... ఎల్మార్స్‌ను?"

"చూడకేం చేస్తా."

"ఒట్టిగా అనొద్దు. చలికాలం కూడా."

"చలికాలం కూడా. నవంబరులో పోయినవాళ్లకు పెట్టే దీపం కూడా. కానీ నీ రెమ్మలూ కొమ్మలూ నాకు రావు. నిలువు గీతలే."

"సరే."

"సరే అని నిలబడతావేం? లోపలికెళ్లు. నేను మళ్లీ దువ్వుతాలే."

బిరుతా వెళ్లింది. శిలువ మీద చెయ్యి వేసింది. చెక్క ఎండకు వెచ్చగా ఉంది. బంతిమొక్క నుంచి ఎండిన ఆకొకటి తుంచి జేబులో వేసుకుంది. బయటికొచ్చాక మిల్డా లోపలికి దిగి, వెనక్కి అడుగేస్తూ బిరుతా పాదాల గుర్తులను ఒక్కొక్కటే చెరిపేసింది. బిరుతా చివరిదాకా నిలబడి చూసింది.

సాయంత్రం స్టాపు దగ్గరికి సంచీకి ఒక చెవి మిల్డా పట్టుకుని వచ్చింది. అడ్డదారిన పచ్చిక తడిగా ఉంది. దూరంగా బస్సు దుమ్ము కనిపించాక గాని బిరుతా తన కాళ్లవైపు చూసుకోలేదు.

"అయ్యో, వీటితోనే వచ్చేశా!"

"విమానంలోకి రబ్బరు బూట్లతోనా? పేడ ఎత్తడానికి వచ్చిందనుకుంటారు. మార్చుకో, మార్చుకో!"

ఒంటికాలి మీద గెంతుతూ, మిల్డా భుజం పట్టుకుని, సంచీలోంచి కొత్త బూట్లు లాగి తొడుక్కుంది. డ్రైవరు హారన్ కొట్టాడు, విప్పిన రబ్బరు బూట్లు బల్ల దగ్గరే ఉండిపోయాయి. ఇద్దరూ కౌగిలించుకోలేదు, టైము లేదు. మెట్టు మీంచి బిరుతా ఏదో అరిచింది, తలుపు మూసుకుంది.

వెనక కిటికీలోంచి చూసింది. మిల్డా వంగి, పక్కకు పడిపోయిన రబ్బరు బూటును తీసి నిలబెట్టింది, రెండోదాని పక్కన జతగా పెట్టింది. తర్వాత తన దారిన వెళ్లిపోయింది. బస్సు మలుపు తిరిగేదాకా స్టాపు బల్ల కింద ఆ జత కనిపిస్తూనే ఉంది. ఒక వైపు అరిగిన మడమలు, మడిచిన అంచులు, పచ్చిక అంటుకున్న ముక్కులు రోడ్డు వైపు.