బాణాల నడుమ రాసిన వరుసలు

జమున చేసే పని వింటే నవ్వొస్తది. సచిన్ అనే ఊర్ల ఒక బట్టల మిల్లుకు ఇంటికాడికెల్లే రోజూ స్లైడ్లు చేసిపెడుతది. ఉత్త రాత ఫైలు ఇస్తే చాలు, పైసా ఖర్చులేని సాఫ్ట్‌వేర్ ఒకటి దాన్ని సింగారించి తెరమీద నిలబెడుతది. మూడు అడ్డగీతలు కొడితే కొత్త స్లైడు. బాణం గుర్తుల నడుమ రాసింది మాత్రం తెరమీద కనబడదు, చెప్పేటోడు యాదుంచుకునేందుకే. మిల్లు సూపర్‌వైజర్ పరమేశ్వర్ ఫైలు రాసి ఇద్దరికీ అందే ఫోల్డర్ల పెడుతడు. "బాణాల నడుమ రాసింది నువ్వు చదవకు బిడ్డా" అన్నడు మొదటిరోజే. పిచ్చిపిల్ల, నిజంగనే చదవలే.

కరోనా రెండోసారి ముదిరిన ఏప్రిల్ అది. మగ్గాలు ఆగొద్దని మిల్లోళ్లు పనోళ్లను లోపలే ఉంచి గేటుకు తాళమేసిన్రు. జమున నాయిన బక్కయ్య గూడ లోపలే. వడోద్ బస్తీల ఉన్న ఇంటి మొకం చూడక పదిరోజులాయె. "మంచిగనే ఉన్న" అని రోజూ ఫోన్ల చెప్పేటోడు, నిన్నటిసంది ఎత్తుతలేడు.

ఆ పొద్దు ఫైలు తెరవంగనే జమున ఉలిక్కిపడ్డది. తొందరల పరమేశ్వర్ మొదటి బాణం పెట్టుడు మరిచిండు. "అందరూ క్షేమం" అన్న పెద్దక్షరాల కింద, దాగాల్సిన వరుస తెరమీదికొచ్చింది.

"మూడో షెడ్డు. బక్కయ్య. జ్వరం, నాలుగోరోజు. ఇంటోళ్లకు చెప్పొద్దు."

జమున పాత ఫైళ్లన్నీ తీసింది. మంగళవారం ఫైల్ల బిక్షపతికి జ్వరం. గురువారం అదే పేరు ఎదురుంగ "ఊరికి పంపినం". అయ్యో, ఏ ఊరికి! శుక్రవారం పక్కింటికి బిక్షపతి బూడిదకుండ ఒక్కటే రాలేదా?

ఫోను మోగింది. "అయిందా బిడ్డా? పదింటికి సర్కారు ఆఫీసర్లొస్తున్నరు, ఫోల్డర్లకెల్లే చూపిస్త" అన్నడు పరమేశ్వర్.

"మా నాయిన ఎట్లున్నడు కాకా?"

"ఆయనకేంది, బేఫికర్‌గ ఉన్నడు. జర జల్దీ చెయ్యి."

పెట్టేసిండు. వీని నోరు పడిపోను!

జమున చెప్పులేసుకుంది. ఆటో దొరక్కపోతే నడిచే పోత, గేటుకాడ మొత్తుకొని అయినా నాయినను దవాఖానకు తీసుకపోత అనుకుంది. పోయేముందు ఒకసారి తెరదిక్కు చూసింది. అవతల ఫైలు మారితే ఇవతల స్లైడు దానంతటదే మారుతది, ఈ సాఫ్ట్‌వేర్ గుణమే అంత. నాయిన వరుస మినుకుమని మారింది.

"బక్కయ్య. ఊరికి పంపినం."

జమున ఆ చెప్పులతోనే కూసుంది. తొమ్మిదిరోజుల ఫైళ్లల్ల ఉన్న బాణాలన్నీ ఒక్కొక్కటే చెరిపి, అన్నిటినీ ఇయ్యాల్టి ఫైల్ల కలిపింది. అన్ని పేర్లూ స్లైడ్లమీదికొచ్చినయి. పదయింది. పరమేశ్వర్ ఫోను మోగుడు మొదలైంది, ఆగుతలేదు.

వంటింట్లకెల్లి తల్లి లింగవ్వ ఆత్రంగ కేకేసింది.

"ఎత్తు బిడ్డా, మీ నాయినేమో!"